పాత వీడియో ఆటలు – చట్టము

1990లలో గజపతినగరము వంటి చిన్న పట్టణాలలో టీవీకి తగిలించి ఆడిన ఆటపెట్టెలు చాలవరకు జపాను దేశపు నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన యంత్రమునకు నకళ్లే. క్యాసెట్టుపై లక్షల ఆటలని అచ్చొత్తి యుండెడిది. లోపల కొద్దిపాటి ఆటలే పేర్లు మార్చుకొని తిరుగాడెడివి!

ఇది చౌర్యమే. 1984 సవరణతో మన గ్రంథస్వామ్య చట్టములో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచనల కోవలో చేరినది. 1994 సవరణతో దొంగప్రతి అని తెలిసి వాడుట కూడ నేరమైనది. సక్రమముగా కొన్నవాడు మాత్రము భద్రత కొరకు ఒక ప్రతి తీసికొనవచ్చును.

అయితే కొందమన్నను దొరకని ఆట మాటేమి? గురజాడవారు 1915లో గతించిరి. హక్కుల గడువు ఏనాడో తీరినందున ‘కన్యాశుల్కము’ను నేడు ఎవరైనను అచ్చు వేయవచ్చును. గడువు తీరకముందు కూడ దానిని గ్రంథాలయములో చదువుకొనుటకు అడ్డులేదు. 1980ల ఆటలకు ఆ గడువు ఇంకను రాలేదు; మన ఊళ్లలో ఆటలకు గ్రంథాలయమును లేదు. 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని అచ్చటి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను 2023లో తేల్చినది. అట్టి ఆటలను దూరమున నున్న పరిశోధకులకు చూపుటకు గ్రంథాలయములు అనుమతి కోరగా, 2024లో అచ్చటి కాపీరైటు కార్యాలయము నిరాకరించినది. ఈ నిరాకరణ మాకు సబబుగా తోచలేదు.

దొరికెడి వాటికి దారులున్నవి. 2008లో పోలెండులో వెలసిన జీఓజీ అనే అంతర్జాల విక్రయశాల పాత కంప్యూటరు ఆటలను నేటి యంత్రములకు సరిపడునట్లు చేసి అమ్ముచున్నది. 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ సంగతి వేరు. దాని మూల ప్రోగ్రాము కర్తయైన జోర్డాన్ మెక్నర్‌కే చాలకాలము కనబడలేదు. 2012లో తండ్రిగారికి అలమరలో పాత ఫ్లాపీలు దొరికిన పిదప, ఆయన దానిని అందరు చూచుటకు బహిర్గతము చేసిరి.