కలిసి ఈదుట నేర్చు చేపపిల్లలు

వానలు కురిసి చెరువులు నిండిన దినములలో గట్టున నిలిచి చూచినచో, తుంగ ప్రక్కన నీటిపై ఎఱ్ఱని ముద్దవలె ఒకటి కదలుచుండును. అది కొర్రమీను పిల్లల గుంపు. గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పల్లెలలో దీని నెరుగనివారు అరుదు. పిల్లలన్నియు ఒక్కుమ్మడిగా పైకి వచ్చి, మరల ఒక్కుమ్మడిగా మునుగును. వాటి అడుగున పెద్దచేపలు కాపలా కాయుచుండును.

చేపలు ఇట్లు కలిసి కదలుట పుట్టుకతోడనే వచ్చు విద్యయా? కాదు. ఎదుగుదలతో కుదురునది. ఎవెలిన్ షా అను అమెరికా శాస్త్రజ్ఞురాలు ఒక సముద్రపు చిఱుచేపపై జరిపిన పరిశీలనలను 1960 ప్రాంతమున ప్రకటించినారు. సుమారు 5 నుండి 7 మిల్లీమీటర్ల పొడవున్నపుడు ఒక పిల్ల మరొకదానిని సమీపించి, వెంటనే బెదరి తొలగిపోవును. 8, 9 మిల్లీమీటర్లు పెరిగినపుడు ఒకటి రెండు సెకండ్లు జతగా ఈదును. 11, 12 మిల్లీమీటర్లు వచ్చునప్పటికి పది పిల్లలు ఒకే దిక్కుగా, వరుస చెడక సాగును. ఈ లెక్కలు అన్ని జాతులకు ఒక్కటి కావు. కాని క్రమము గమనింపదగినది. కన్నులతోపాటు, ఒడలి ప్రక్కన నీటి కదలికను పసిగట్టు రేఖయు ఇందుకు తోడ్పడును. 1976లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున కన్నులు కప్పిన చేప సైతము గుంపుతో సాగినది.

కొర్రమీను పిల్లలకు ఆ లేత వారములలో పెద్దచేపల కావలియే రక్ష. ఎఱ్ఱని ముద్దను గుర్తించి దాని నడుమ గాలమాడించినచో, కాపలా చేప కోపించి కఱచి చిక్కుకొనును. దొరకునది ఒక్క చేప. దిక్కులేని పిల్లలు కప్పలకు, పాములకు, ఇతర చేపలకు ఆహారమగును.

రెండవ ముప్పు పురుగుమందు. పత్తి, మిరప చేలకు మందు చల్లు కాలమును, ఈ పిల్లలు ఎదుగు కాలమును చాలవరకు ఒక్కటే. ఆర్గనోఫాస్ఫేటు జాతి మందులు చేప నరములపై పనిచేసి ఈతను తడబరచును. గుంపునుండి విడిపడిన పిల్ల శత్రువునకు సులభముగా చిక్కును.

కావున పంచాయతీ సభ్యులు రెండు పనులు చేయవచ్చును. చేపల హక్కును వేలము వేయునపుడు, పిల్లలతో నున్న కొర్రమీనును పట్టరాదను షరతును చేర్పవలెను. స్ప్రేయర్లను, మందు డబ్బాలను చెరువులో కడుగరాదని గ్రామసభలో తీర్మానించి దండోరా వేయింపవలెను. వీటికి ఖర్చు స్వల్పము. కొర్రమీను సంతలో ప్రాణముతో అమ్ముడుపోవు విలువగల చేప. నీటిపై ఆ ఎఱ్ఱని ముద్ద కనబడినపుడు, అది రాబోవు ఏండ్లలో చెరువు ఈయబోవు ఆదాయమని తలంపుడు.