ఏ మూలకి ఏ బోర్డు?
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడు పడక గదుల ఫ్లాటు తీసుకున్నాం. ఇంటీరియర్స్ వాళ్లు ఇల్లంతా హెచ్‌డీహెచ్ఎంఆర్ వేస్తామంటున్నారు. మాకు తెలిసిన వడ్రంగి మేస్త్రీ మెరైన్ ప్లై తప్ప ఇంకోటి ముట్టనంటున్నాడు. మామయ్యగారేమో టేకు ఉండగా ఈ అట్టముక్కలెందుకని కోప్పడుతున్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: ముగ్గురూ తమకు అలవాటైనదే చెబుతున్నారమ్మా. ఇంటీరియర్స్ కంపెనీకి మిషన్లున్నాయి. ఎక్కడ కోసినా ఒకే తీరుగా, నున్నగా తెగే బోర్డయితే వాళ్ల పని చకచకా సాగుతుంది. మేస్త్రీది చేతిపని. ప్లైలో స్క్రూ ఒకసారి పక్కకి పోయినా కాస్త జరిపి మళ్లీ దింపుకోవచ్చు. ఇక మామయ్యగారు చూసిన ముదురు టేకు వేరు, ఇవాళ డిపోలో దొరికే లేత టేకు వేరు. పైగా వెడల్పాటి నిండు చెక్క వానకాలం ఉబ్బి, ఎండాకాలం ముడుచుకుంటుంది. ఆ కదలికను తగ్గించడానికే ఈ బోర్డులన్నీ పుట్టాయి. ప్లైవుడ్‌లో పొరలు ఒకటి నిలువుగా, దాని మీది ఇంకోటి అడ్డంగా వేసి అతికిస్తారు. ఒక పొర కదలబోతే పక్క పొర పట్టి ఆపుతుంది.

‘ఇల్లంతా ఏది వేయించాలి’ అన్న ప్రశ్న దగ్గరే చిక్కంతా ఉంది. నీళ్లు తగిలేదెక్కడ, బరువు పడేదెక్కడ, కంటికి కనబడేదెక్కడ అని చూసుకుంటూ పోతే జవాబు గదికొకటి, ఒక్కోసారి ఒకే గదిలో మూలకొకటి వస్తుంది.

వంటింటి కింది బాక్సులకి మీ మేస్త్రీ చెప్పిన మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) ప్లై వేయించండి. ఇక్కడ పొదుపు చేయకండి. సింకు బాక్సుకయితే నా మాట వింటే అసలు బోర్డే వద్దు. మన పాత వంటిళ్లలో లాగా రెండు పక్కలా కడప బండలు నిలబెట్టి, ముందు తలుపులు మాత్రం బిగించుకోండి. బండకి ఉబ్బే పని లేదు. మోడ్యులర్ వాళ్లు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. పై బాక్సులకి హెచ్‌డీహెచ్ఎంఆర్ చక్కగా పనికొస్తుంది. అది కర్ర పీచుని దట్టంగా నొక్కి, తేమని తట్టుకునే జిగురుతో చేసిన బోర్డు. తేమని తట్టుకుంటుందంటే నీళ్లలో నానినా ఏమీ కాదని కాదు. బరువు కూడా ఎక్కువే. ఎనిమిది బై నాలుగు షీటు, 18 మిల్లీమీటర్లది, దాదాపు 45 కిలోలు తూగుతుంది. గోడకి బిగించే మేకులూ బ్రాకెట్లూ ఆ లెక్కకి తగ్గట్టుండాలి.

తలుపులకి పెయింటు వేయిస్తున్నారా? అయితే ఎండీఎఫ్‌గానీ హెచ్‌డీహెచ్ఎంఆర్‌గానీ వేయించాలి. ప్లై మీద ఎంత పుట్టీ పెట్టినా కొన్నాళ్లకి చారలు పైకి తేలతాయి. మైకా అంటిస్తున్నారా? అయితే ప్లై అయినా ఫర్వాలేదు. పడక గదుల వార్డ్‌రోబ్ బాక్సులకి మామూలు ఎంఆర్ (తేమని మాత్రం తట్టుకునే) ప్లై సరిపోతుంది. బడ్జెట్ బిగుతుగా ఉంటే మంచి ప్రీలామినేటెడ్ పార్టికల్ బోర్డు వేసుకున్నా తప్పు లేదు. కానీ వార్డ్‌రోబ్ వెనక గోడకి అవతల స్నానాల గది ఉంటే మాత్రం వెనక పలక బీడబ్ల్యూపీ వేయించి, గోడకీ దానికీ మధ్య కాస్త ఖాళీ వదలమనండి. చాలామంది ఆ వెనక పలకే ఎగ్గొట్టి గోడకి రంగు కొట్టి సరిపెడతారు. ఏడాది తిరిగేసరికి పట్టుచీరలకి బూజు వాసన పడుతుంది.

ప్రశ్న: రెండేళ్లయినా కాలేదు, సింకు కింద అడుగు పలక ఉబ్బిపోయి తలుపు పట్టేస్తోంది. చేసినవాళ్లని పిలిస్తే ‘నీళ్లు పడనివ్వకూడదు మేడమ్’ అని వెళ్లిపోయారు. బాగు చేయించవచ్చా?
- ఒక గృహిణి, కాకినాడ

జవాబు: సింకు కింద నీళ్లు పడకూడదంటే ఇక వంటింట్లో వంట కూడా మానేయాలేమో! ఒకసారి టార్చి పట్టుకుని నేల మీద కూర్చుని లోపలికి చూడండి. పైపు దిగడానికి పలకకి కన్నం కొట్టి ఉంటారు. ఆ కన్నం అంచు మైకా లేకుండా, రంగు లేకుండా, పచ్చిగా ఉంటుంది. గోటితో గీరితే పొట్టు రాలితే అది పార్టికల్ బోర్డు. పైన తెల్లగా మెరిసే పొర ఎంత బాగున్నా ఆ ఒక్క కన్నంలోంచి తాగిన నీళ్లే పలకంతా పాకుతాయి.

పార్టికల్ బోర్డంటే చెక్కీలో పల్లీల్లాగా కర్ర ముక్కల్ని జిగురులో కలిపి, వేడి మీద నొక్కి బిగించినది. నీళ్లు చేరగానే ఆ ముక్కలు నొక్కుడు నుంచి విడిపించుకుని లేస్తాయి. మామూలు యూరియా జిగురు కూడా తడికి పట్టు వదిలేస్తుంది. తర్వాత ఎంత ఆరబెట్టినా మునుపటి మందానికి రాదు. కాబట్టి ఉబ్బిన పలకని బాగు చేయలేరు, మార్చాల్సిందే. తలుపులు బాగుంటే వాటిని ఉంచుకోండి. అడుగు పలక, పక్క పలకలు బీడబ్ల్యూపీ ప్లైతో వేయించి, ప్రతి కన్నం అంచుకీ, కంటికి కనబడని వెనక అంచుకీ రెండు చేతులు ఎనామిల్ పూయించి, పైపు చుట్టూ సిలికాన్ పెట్టించండి. ఈ పని మేస్త్రీ వెళ్లాక కాదు, బాక్సు బిగించకముందే మీరు నిలబడి చేయించుకోవాలి.

ఇంకో సంగతి. మన ఇళ్లలో పండగ ముందు బకెట్లతో నీళ్లు పోసి వంటిల్లు కడుగుతాం. బాక్సు నేరుగా నేల మీద కూర్చుంటే ఏ బోర్డయినా ఎంతకాలం ఓర్చుకుంటుంది? నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టించండి, లేదా కింద బండతో దిమ్మె కట్టించండి.

ప్రశ్న: షాపువాడు 710 అంటాడు, గర్జన్ అంటాడు. నమ్మడం ఎలా?
- వి.ఆర్., విజయవాడ

జవాబు: నమ్మక్కర్లేదు, చూడవచ్చు. షీటు మీద ఐఎస్ఐ ముద్ర ఉండాలి. దాని పైన ఐఎస్ 710 అనీ, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరుని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఇంకా నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. షాపులోనే, బిల్లు వేయించుకోకముందే చూడండి. ‘710 గ్రేడ్’ అని ఉత్త అక్షరాలు అచ్చేసి, ముద్రా నంబరూ లేకుండా అమ్మే షీట్లు చాలా ఉంటాయి. ‘ఐఎస్ఓ’ అని పెద్దక్షరాల్లో ఉంటే అది ఫ్యాక్టరీ నిర్వహణకి ఇచ్చే పత్రం, షీటు నాణ్యతకి సంబంధం లేదు.

గర్జన్ మాట అంత తొందరగా నమ్మకండి. ఆ కర్ర దుంగలు ఎక్కువగా మయన్మార్ నుంచి వచ్చేవి, 2014 ఏప్రిల్ నుంచి ఆ దేశం దుంగల ఎగుమతి ఆపేసింది. షాపుల్లో కనబడే ఎర్రటి షీట్లలో చాలావాటికి పై పొర మాత్రమే గర్జన్, అదీ ఒక్కోసారి రంగు పూసినదే. లోపలంతా జామాయిల్, పాప్లర్ వంటి తోట కర్ర. అదేమీ నేరం కాదు. అడవుల్లో చెట్లు నరకడం మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత మన ప్లై పరిశ్రమ చాలావరకు తోట కర్ర మీదికి మళ్లింది. హర్యానాలోని యమునానగర్‌లో రైతుల పాప్లర్, కేరళలోని పెరుంబావూరులో రబ్బరు చెట్టు ఇప్పుడు ప్లై అవుతున్నాయి. నేరమల్లా ఒక ధర తీసుకుని ఇంకో సరుకు ఇవ్వడమే.

షీటుని అంచు మీద నిలబెట్టి పక్క నుంచి చూడండి. పొరలు తిన్నగా, ఒకే మందంలో ఉండాలి. మధ్యలో నల్లటి సందులు కనిపిస్తే లోపల పొర ముక్కలు కలవలేదన్నమాట. రేపు స్క్రూ సరిగ్గా ఆ ఖాళీలో పడితే పట్టు ఉండదు. వేలి కణుపుతో షీటు పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి, ఎక్కడైనా శబ్దం డొల్లగా మారితే ఆ షీటు పక్కన పెట్టించండి. నాలుగు మూలలా కాలిపర్‌తో మందం కొలవండి. 18 అని అమ్మి 16.5 ఇవ్వడం కొత్త సంగతేం కాదు.

ఉడికించి చూడమంటారు చాలామంది. ల్యాబులో ఐఎస్ 710 ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచుతారు. ఇంట్లో అన్ని గంటలు గ్యాసు ఎవరు తగలేస్తారు! అరచేతంత ముక్క పాత గిన్నెలో వేసి నాలుగైదు గంటలు మరిగించండి చాలు. యూరియా జిగురుదైతే అంతలోనే అంచుల దగ్గర పొరలు విచ్చుకుంటాయి. విచ్చుకోకపోతే జిగురు ఫర్వాలేదని తెలుస్తుంది, అంతే. లోపలి కర్రకి పురుగు మందు పట్టించారో లేదో ఈ పరీక్ష చెప్పదు.

ప్రశ్న: వార్డ్‌రోబ్ తలుపులు ఏడడుగుల ఎత్తు. ఏడాదిలోనే వంపు తిరిగాయి.
- కె.ఎస్., తిరుపతి

జవాబు: తలుపుకి ముందు వైపు మైకా అంటించి, లోపలి వైపు రంగుతో సరిపెట్టి ఉంటారు. రెండు వైపులా మైకా ఉంటేనే లాగుడు సమానమవుతుంది. అంత ఎత్తు తలుపులకి ప్లై కన్నా బ్లాక్‌బోర్డు మేలు. లోపలి పైన్ పట్టీలు తలుపు పొడవునా నిలువుగా ఉండేలా కోయించుకోండి. కీళ్లు నాలుగుకి తగ్గకూడదు. అద్దం బిగిస్తే ఐదు.

ప్రశ్న: నాలుగడుగుల పుస్తకాల అర మధ్యలో కుంగిపోయింది. 18 తీసేసి 25 మిల్లీమీటర్ల బోర్డు వేయమంటారా?
- పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: వేయవచ్చు మాస్టారూ, కానీ అంతకంటే చౌకైన దారి ఉంది. మందం 18 నుంచి 25కి పెంచితే కుంగుడు దాదాపు మూడోవంతుకి దిగుతుంది. అదే అర మధ్యలో ఒక నిలువు పలక పెట్టి నాలుగడుగుల్ని రెండు రెండుగా చేస్తే, అదే వరస పుస్తకాలకి కుంగుడు పదహారో వంతుకి పడిపోతుంది. పొడవు సగమైతే లెక్క అలా మారిపోతుంది మరి. నిలువు పలక పెట్టడం ఇష్టం లేకపోతే అర ముందు అంచుకి రెండంగుళాల టేకు పట్టీ కొట్టించండి, అందమూ వస్తుంది. పార్టికల్ బోర్డు అరకి రెండడుగులు, ప్లైకి మూడడుగులు దాటనివ్వకపోవడం మంచిది. పుస్తకాలు చీరల్లాంటివి కావు కదా.

ప్రశ్న: కొత్త కబోర్డులు బిగించాక గదిలో ఘాటు వాసన, కళ్లు మండుతున్నాయి. ఇంట్లో ఆరు నెలల పాప ఉంది.
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ముందు పాపని ఆ గదిలో పడుకోబెట్టడం మానేయండి. ఆ మంట ఎక్కువగా జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వల్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అలాగని హడలిపోకండి. మొదట్లో ఎక్కువగా వచ్చి రానురాను తగ్గుతుంది. వేడికీ తేమకీ పెరుగుతుంది, గాలి ఆడకపోతే గదిలోనే పోగవుతుంది. కాబట్టి తలుపులు మూసి ఏసీ వేసుకునే గదికన్నా కిటికీలు తీసి ఫ్యాను తిప్పే గది మేలు. డ్రాయర్లు బయటికి లాగి, కబోర్డు తలుపులు బార్లా తీసి ఉంచండి. తర్వాత మేస్త్రీని పిలిచి మైకా లేని వెనక వైపుల్ని, డ్రాయర్ల అడుగుల్ని, అరల పచ్చి అంచుల్ని పాలిష్‌తోగానీ ఎడ్జ్ బ్యాండుతోగానీ మూయించండి. వాసన ఎక్కువగా బయటపడేది అక్కడినుంచే. ఈసారి కొనేటప్పుడు ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే రకం, అంటే ఈ1 లేదా ఈ0 అని రాసిన బోర్డు అడగండి. షాపువాడి నోటిమాట సరిపోదు, కంపెనీ ఇచ్చిన టెస్టు కాగితం చూపించమనండి.

ప్రశ్న: ఇక్కడ కిచెన్ మార్పిస్తున్నాం. కేటలాగులో ‘ఫర్నిచర్ బోర్డు’ అని ఉంది, ప్లైవుడ్‌కి అదనంగా కట్టమంటున్నారు. అవసరమా?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఫర్నిచర్ బోర్డన్నది పార్టికల్ బోర్డుకి పెట్టిన ముద్దుపేరు. వాసన విషయంలో మీరున్న చోట నిశ్చింతే. టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్ అన్న లేబులు ఉంటే, బోర్డు వదిలే ఫార్మాల్డిహైడ్ పార్టికల్ బోర్డుకి 0.09, ఎండీఎఫ్‌కి 0.11, హార్డ్‌వుడ్ ప్లైకి 0.05 పీపీఎం దాటకూడదన్న అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన వర్తిస్తుంది. నీళ్ల సంగతి మాత్రం కాకినాడలో ఎలాగో అక్కడా అలాగే. సింకు బాక్సుకీ, డిష్‌వాషర్‌కి అటూ ఇటూ ఉన్నవాటికీ ప్లై తీసుకోండి. మిగతా కిచెన్‌కి ఆ అదనపు డబ్బు పెట్టేకన్నా మన వేపుళ్ల ఆవిరి బయటికి పోయేలా గట్టి వెంట్ హుడ్ పెట్టించుకోవడం నయం.

ప్రశ్న: డబ్ల్యూపీసీ వేస్తే నీళ్ల బాధా, చెదల బాధా రెండూ ఉండవంటున్నారు. ఇల్లంతా అదే వేయించమంటారా?
- ఎం.ఎల్., రాజమహేంద్రవరం

జవాబు: నీళ్ల మాట నిజమే. అది పీవీసీలో కర్ర పొడి కలిపి చేసిన బోర్డు. సింకు బాక్సుకీ, స్నానాల గది వాష్‌బేసిన్ కిందికీ, బయటి బాల్కనీకీ భేషుగ్గా ఉంటుంది. కానీ పొడవాటి అరలకి వాడితే కుంగుతుంది, పొయ్యి పక్కన సెగకి మెత్తబడుతుంది. తేలికపాటి రకాల్లో స్క్రూ పట్టు అంతంతమాత్రం.

చెదలు దాన్ని తినవు. కానీ దాని మీదుగా పాకి లోపల దాచిన పుస్తకాల్నీ బట్టల్నీ తింటాయి. అవి నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి కనుక బోర్డు మార్చినంత మాత్రాన ఆగవు. ఇప్పుడున్న కబోర్డు తీయించి వెనక గోడ మీద, స్కర్టింగ్ పై అంచున మట్టి గీతలున్నాయేమో చూడండి. ఉంటే బోర్డు కొనడం ప్రస్తుతానికి వాయిదా వేసి, చెదల మందు కొట్టేవాళ్లని పిలవండి.