ఎగురు సరీసృపములు – గోదావరి లోయలోని ఎముక తునక

మిరప కళ్ళముపై తిరుగాడు గ్రద్దను, మునిమాపువేళ చింతచెట్టు వీడి బయలుదేరు గబ్బిలమును మన విద్యార్థులు నిత్యము చూచుచునే యున్నారు. వెన్నెముకగల జంతువులలో స్వశక్తితో ఎగురనేర్చినవి మూడే వర్గములు. పక్షులకును గబ్బిలములకును ముందుగా ఆకాశమెక్కినవి టెరోసార్లు అను సరీసృపములు. సుమారు 22 కోట్ల సంవత్సరముల క్రిందట ట్రయాసిక్ యుగమున కనిపించి, 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట క్రెటేషియస్ యుగాంతమున నశించినవి. వీనిని డైనోసార్లనుట పరిపాటియైనది గాని అది సరికాదు. ఇవి వాటికి దాయాదులు మాత్రమే.

పక్షికి ఈకలు రెక్కయైనవి. గబ్బిలము నాలుగు వ్రేళ్ళ నడుమ చర్మమును సాచును. టెరోసారు చేతి నాలుగవ వ్రేలొక్కటే మిక్కిలి పొడవుగా పెరిగి రెక్కపొరను మోసెను. 1784లో కొలిని అను పండితుడు ఇట్టి అస్థిపంజరమును వర్ణించెను గాని అది ఏ జాతిదో తేల్చలేకపోయెను. ఎగురు సరీసృపమని 1801లో గుర్తించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే.

పూర్వపు గ్రంథములు వీనిని రెండుగా విభజించినవి: పొడవైన తోకగల రాంఫోరింకాయిడులు, పొట్టి తోకయు పొడవైన మెడయుగల టెరోడాక్టిలాయిడులు. మొదటివానినుండియే రెండవవి పుట్టినందున, మొదటిది నిజమైన వంశశాఖ కాదని నేటి అభిప్రాయము. 2009లో చైనానుండి వెల్లడియైన డార్వినాప్టెరస్ ఈ మార్పునకు చక్కని సాక్షి; తలయు మెడయు క్రొత్తవి, తోక మాత్రము పాతది! పరిణామము దేహమంతటిని ఒక్కమారు మార్చదని పాఠములో చదువుట వేరు, ఎముకలలో చూచుట వేరు.

మన ప్రాంతమునకు వత్తము. ప్రాణహిత–గోదావరి లోయలో కోట శిలాసముదాయము కలదు. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రములో నిలిపిన కోటసారస్ డైనోసారు ఆ శిలలలోనిదే. సిరొంచ వైపు అవే శిలలలో లభించిన మూతి ఎముక తునకను 1974లో ఎస్. ఎల్. జైన్ పరిశీలించి, జర్మనీలో ప్రసిద్ధమైన కాంపిలోగ్నాథాయిడిస్ ప్రజాతిలో చేర్చి, 'ఇండికస్' అని జాతినామమిడెను. మన దేశమునకు ఒక ఎగురు సరీసృపము లభించినదని పలువురు సంతసించిరి. అయితే 2008లో అమెరికా శాస్త్రజ్ఞుడు కెవిన్ పాడియన్ ఆ తునకలో టెరోసారు లక్షణములు చాలవనియు, అది చేపది కావచ్చుననియు వ్రాసెను. కోట శిలలు చేపల శిలాజములకు పేరుపొందినవే గనుక ఈ సందేహమును త్రోసివేయరాదు. రెక్కను మోయు వ్రేలి ఎముక ఒక్కటి దొరికియుండినచో వాదమే లేకపోయెడిది.

జర్మనీలో ఈ జంతువుల పలుచని బోలు ఎముకలను భద్రపరచినవి సన్నని రేణువుల శిలలు. ప్రకాశం జిల్లా వేమవరము వద్ద సన్నని పొరల షేల్ రాయి కలదు. ఆకుల అచ్చులకు అది ప్రసిద్ధము. అందలి అమ్మొనైటు గవ్వలు ఆనాటి సముద్రమునకు గుర్తు. అది టెరోడాక్టిలాయిడులు లోకమంతట విహరించిన తొలి క్రెటేషియస్ కాలపు రాయి. విజ్ఞానయాత్రకు పోవు మన విద్యార్థులు అందు పలుచని గోడల బోలు ఎముక కన్పట్టినచో రాతినుండి దానిని ఊడదీయరాదు. దొరికిన చోటును, పొరను వ్రాసికొని, రాతితోకూడ భూగర్భశాస్త్ర అధ్యాపకునికి చూపవలెను.