రాతినార ధూళి – ఊపిరితిత్తుల రక్షణ

కడప జిల్లాలో పులివెందుల ప్రాంతపు కొండలలో రాతినార దొరకును. దీనినే ఆస్‌బెస్టాస్ అందురు. చూచుటకు తెల్లని పట్టుపోగువలె మెత్తగా నుండును. నిప్పునకు కాలదు, నీటికి కుళ్ళదు. పైకప్పు రేకులకు, గొట్టములకు, మోటారు బండ్ల బ్రేకులకు దీనిని వాడిరి. బ్రాహ్మణపల్లె మొదలగు గ్రామముల చెంత గనులు త్రవ్వి అనేక కుటుంబములు జీవించినవి. 1986లో కేంద్ర ప్రభుత్వము కొత్త లీజుల మంజూరును నిలిపివేసెను. గనిపని తగ్గినను ఆనాడు పీల్చిన ధూళి కీడు తీరలేదు.

ధూళి ఎట్లు హాని చేయును?

గనిలో రాతిని పగులగొట్టునప్పుడు నార సన్నని పోగులుగా విడిపోవును. మిల్లులో దంచి జల్లెడ పట్టునప్పుడు ధూళి మరింత అధికము. ఈ పోగులు తలవెంట్రుకకంటె ఎన్నోరెట్లు సన్ననివి. విడివిడిగా కంటికి కనబడవు, వాసన లేదు. ముక్కులోని వెంట్రుకలు పెద్ద దుమ్మును ఆపగలవు గాని వీనిని ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల లోపలి చిన్న గాలితిత్తులవరకు పోవును. శరీరములోని రక్షక కణములు వీనిని మ్రింగ యత్నించును. కాని రాతిపోగు జీర్ణము కాదు. ఆ పెనుగులాటలో మెత్తని భాగము మచ్చకట్టి గట్టిపడును. ఇదియే ఆస్‌బెస్టోసిస్. ఊపిరితిత్తుల క్యాన్సరు, వాని పైపొరకు వచ్చు మెసొతీలియోమా అను క్యాన్సరు గూడ ఈ ధూళివలన కలుగును. పొగ త్రాగువానికి ఊపిరితిత్తుల క్యాన్సరు భయము అనేక రెట్లు హెచ్చును.

పని మానినను వ్యాధి మానదు

ఈ వ్యాధులు వెంటనే కనబడవు. పది, ఇరువది సంవత్సరములకు, మెసొతీలియోమా అయినచో ముప్పది నలువది సంవత్సరములకు బయటపడును. యౌవనమున గనిలో పనిచేసినవాడు వృద్ధాప్యమున మెట్టు ఎక్కలేక ఆయాసపడును. పొడిదగ్గు, ఛాతీ బిగువు, వ్రేళ్ళ కొనలు ఉబ్బుట దీని చిహ్నములు. దీనిని క్షయ అని పొరబడుట కలదు. కావున కఫ పరీక్షతోపాటు ఎక్స్‌రే, శ్వాసశక్తి పరీక్ష చేయించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తాను ఏ గనిలో, ఏ మిల్లులో, ఎన్ని సంవత్సరములు పనిచేసెనో వైద్యునికి చెప్పవలెను. ఆ ఒక్క మాట లేనిచో వ్యాధి గుర్తు దొరకకపోవచ్చును.

ఇంటివారికిని భయమే

1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరు మొదలగు వైద్యులు 33 మంది మెసొతీలియోమా రోగుల వివరములు ప్రకటించిరి. వారిలో గనిలో ఎన్నడును పనిచేయక, గనుల సమీపమున నివసించినవారు గూడ ఉండిరి. పనివాని బట్టలను దులిపి ఉతుకు ఇల్లాలును ఆ ధూళినే పీల్చును.

చేయవలసిన పనులు

రాతిని, నారను తడిపి పనిచేయవలెను. ధూళి లేచు యంత్రములను మూసియుంచవలెను. తువాలు కట్టుకొనుట చాలదు. సన్నని ధూళిని ఆపు ముసుగు ధరింపవలెను. పనిబట్టలు పనిచోటనే విడిచి, స్నానము చేసి ఇంటికి రావలెను. పొగాకు మానవలెను. గని లేని చోటును అజాగ్రత్త తగదు. కట్టడపు పనులకై తెలుగువారు అండమాను దీవులవరకు వెళ్ళిరి. ఎచ్చటనైనను పాత ఆస్‌బెస్టాస్ రేకులను రంపముతో కోయరాదు, పొడిగా పగులగొట్టరాదు. తడిపి, నిండు రేకుగా దించవలెను.

కార్మికుని హక్కు

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య వివరములను పనిలో చేరిననాటినుండి 40 సంవత్సరములు, లేదా పని విరమించిన పిదప 15 సంవత్సరములు, ఏది ఆలస్యమైన అంతవరకు భద్రపరుపవలెనని ఆదేశించెను. వ్యాధి ఆలస్యముగా వచ్చును గనుకనే ఈ ఏర్పాటు. కార్మికుడును తన పనిచీటీలను, ఎక్స్‌రేలను దాచుకొనవలెను.

గట్టిపడిన ఊపిరితిత్తిని మరల మెత్తపరచు మందు లేదు. ధూళిని పీల్చకుండుటయే రక్ష. పీల్చినవారికి కాలమున చేయించుకొను పరీక్షయే అండ.