హెచ్చరిక ఎక్కడ ఆగిపోయిందో చూడు



బాన్‌లో పరిశోధనకు చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. యూరప్ భద్రత, ఆపదను తట్టుకునే సమాజం అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావట. బాన్‌కు కాస్త ఎగువన రైన్‌లో కలిసే ఆర్ నది దగ్గర మొదలుపెట్టు.

2021 జులై 14 రాత్రి వరదకు ఆ లోయలో 130 మందికి పైగా పోయారు. రైన్ పరీవాహక ప్రాంతానికి ముప్పుందని యూరప్ వరద హెచ్చరిక వ్యవస్థ రోజుల ముందే అధికారులకు చెప్పింది. ఎగువనున్న ఆల్టెనార్ సాయంత్రానికే మునిగింది. దిగువన సిన్‌జిగ్‌కు ఆ ఉధృతి చేరింది అర్ధరాత్రి దాటాకే. అయినా అక్కడి దివ్యాంగుల వసతి గృహంలో 12 మంది నీట మునిగి చనిపోయారు. ఆ రాత్రి కాపలాకు ఉన్నది ఒక్కరే. ఖాళీ చేయమని జిల్లా ఆదేశం వచ్చేసరికి పదకొండు దాటింది. అదీ నదికి ఇరువైపులా 50 మీటర్ల వరకే. వ్యవధి ఉంది, కబురు మధ్యలో ఆగింది. ఎక్కడ ఆగిందో గంటగంటకూ రాసుకుంటూ వెళ్లడమే నీ మొదటి పాఠం.

ఆ ప్రాంతంలో ఉన్న ఫోన్లన్నిటినీ ఒకేసారి మోగించే సెల్ బ్రాడ్‌కాస్ట్ లేకపోవడమే కారణమని తేల్చెయ్యకు. నెదర్లాండ్స్‌లో అది 2012 నుంచీ ఉంది, జర్మనీకి 2023లో వచ్చింది. నిజమే. కానీ స్పెయిన్‌లో అది ఉండి కూడా, 2024 అక్టోబరు 29న వలెన్సియా వరదల్లో ఫోన్లు మోగింది రాత్రి 8:11కి. అప్పటికే ఎన్నో వీధులు నీళ్లలో ఉన్నాయి. మీట నొక్కాల్సిందెవరు, ఏ సమాచారం చూసి నొక్కాలి, తీరా వరద రాకపోతే నింద ఎవరిమీద పడుతుంది? నీ పరిశోధన ఇక్కడుంది.

"జనానికి అవగాహన లేదు" అని రాయబోతే కలం ఆపు. మన బందరు రేవులో ఏడో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేసినా గొడ్డూగోదను వదల్లేక ఉండిపోయేవాళ్లుంటారు. నంబరు అర్థం కాక కాదు. ఆర్ లోయలో ఇల్లు కదలని వాళ్లకూ కారణాలుంటాయి. అడుగు.

అడగాలంటే జర్మన్ రావాలి. ఇంగ్లీషుతో ప్రొఫెసర్లు దొరుకుతారు, అగ్నిమాపక దళం వాళ్లు దొరకరు. అక్కడి ఊళ్లలో ఆ పని చేసేది చాలావరకు జీతం లేని స్వచ్ఛంద సభ్యులే. పగలు ఎవరి ఉద్యోగం వాళ్లది, సాయంత్రం శిక్షణ. ఏ సందులో ముందు నీళ్లెక్కుతాయో, ఏ ఇంట్లో మంచం దిగలేని పెద్దావిడ ఉందో వాళ్లకు తెలుసు.

యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల పథకం హొరైజన్ యూరప్‌లో పౌర భద్రత విభాగం నిధులిచ్చే చాలా ప్రాజెక్టుల్లో ఇలాంటి రక్షణ సిబ్బంది భాగస్వాములుగా ఉండి తీరాలి. దరఖాస్తు గడువుకు ముందు సంతకం కోసం వాళ్ల దగ్గరికి పరిగెత్తకు. ప్రశ్న తయారయ్యేటప్పుడే వెళ్లి కూర్చో. ఏ వంతెన బలహీనమో, ఏ కేంద్రంలో జనరేటర్ లేదో నమ్మి చెబుతారు. అవన్నీ అచ్చులో పెట్టేవి కావు. ఏది బయటపెట్టొచ్చో ముందే రాతలో తేల్చుకో.

వ్యాసం పూర్తయ్యాక రెండు పేజీల సారాంశం జర్మన్‌లో రాసి ఆ ఊరి మేయరుకూ, అగ్నిమాపక దళం నాయకుడికీ ఇవ్వు. తప్పులుంటే వాళ్లే పట్టుకుంటారు. బ్రసెల్స్‌లో జరిగే సభలకు ఆ తర్వాత వెళ్లొచ్చు.

ఇట్లు,
మీ మామయ్య