సైకిలుపై దేశాటనము

దేశాటనము వలన జ్ఞానము పెరుగునని పెద్దలందురు. కాని ఎంత దూరము పోయితిమను దానికంటె ఎంత చూచితిమనునదియే ముఖ్యము. ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, 1831లో తిరిగి వచ్చెను. అప్పటికి మన దేశమున జనులు ప్రయాణము చేయుటకు రైళ్లు లేవు. పదునైదు నెలలు సాగిన ఆ యాత్రలో ఆయన తాను చూచిన ఊళ్లను, ఏఱులను, బాటలను, జనుల ఆచారములను వ్రాసికొనెను. ఆ వ్రాతలే 'కాశీయాత్ర చరిత్ర' అను గ్రంథమైనవి. నేడు రైలెక్కినవాడు రెండు మూడు దినములలో కాశి చేరును. కాని దారిలో ఏ చెఱువు నిండినదో, ఏ చేను ఎండినదో అతనికి తెలియదు.

కాలినడకకును మోటారు వేగమునకును నడుమనున్న వాహనము సైకిలు. 1817లో జర్మనీ దేశస్థుడగు కార్ల్ డ్రైస్ రెండు చక్రముల కొయ్యబండిని చేసి, దానిపై కూర్చుండి పాదములతో నేలను తన్నుచు ముందుకు సాగెను. 1860 తరువాతి కాలమున పారిస్ నగరములో చక్రమునకు పెడళ్లు అమరెను. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు గొలుసును గల సైకిలును తయారు చేసెను. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు గాలి నింపిన టైరును వాడుకలోనికి తెచ్చెను. నేడు మనము త్రొక్కుచున్న సైకిలు ముఖ్యాంశములలో ఆనాటిదే.

నడచువాడు తన శరీరభారమును అడుగడుగునకు మోయవలెను. సైకిలుపై ఆ భారమును చక్రములు మోయును. కావున బల్లపరుపు నేలపై, నడకకు పట్టునంతటి శ్రమతోనే రెట్టింపు దూరమునకు మించి పోవచ్చును. ఏబది అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరిగినచో మాత్రము, అదే వేగమున పోవుటకు శ్రమ రెట్టింపునకు మించును. వేగము పెంచినను కష్టమే. గాలి కదలక యున్నప్పుడు వేగము రెట్టింపయినచో, ఎదురుగాలి అడ్డు నాలుగు రెట్లగును. కనుక చదునైన నేలపై నెమ్మదిగా సాగుటయే సైకిలు ప్రయాణమునకు తగిన పద్ధతి.

ఇట్టి ప్రయాణమునకు పేరుపొందిన దేశము ఇటలీ. ఆ దేశపు ఉత్తరభాగమున విశాలమైన మైదానము కలదు. దానిగుండా సుమారు 650 కిలోమీటర్లు ప్రవహించి ఏడ్రియాటిక్ సముద్రమున కలియు నది పేరు 'పో'. మన భాషలో ఆ మాటకు వెళ్లుమని అర్థము. ఆ నది సైకిలువారిని నిజముగా అట్లే పిలుచుచున్నట్లుండును! వరదలను ఆపుటకై నదికి ఇరుప్రక్కల ఎత్తైన మట్టిగట్లు పోసిరి. ఫెర్రారా నగర ప్రాంతమున కుడిగట్టుపై సముద్రతీరము వఱకు 120 కిలోమీటర్లకు పైగా సైకిలుబాట కలదు. అందు పెక్కు భాగమున మోటారుబండ్ల రద్దీ యుండదు. ఒక ప్రక్క నది, మఱియొక ప్రక్క పొలములు. దూరమున ఊరి చర్చి గోపురము కనబడును. అది దగ్గఱ పడుకొలది గంటల ధ్వని వినబడును. ఆ మైదానమున కొన్ని చోట్ల మనవలెనే వరి పండింతురు.

ఆ గట్లు వినోదముకొఱకు పోసినవి కావు. 1951 నవంబరులో ఎడమగట్టు తెగి పొలెజీనే అను పల్లపు ప్రాంతము మునిగెను. దాదాపు నూఱుమంది మరణించిరి. లక్షన్నరకు పైగా జనులు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. గట్టును కాపాడుకొనుట ఆ జనులకు ప్రాణములు కాపాడుకొనుటయే. అట్లు కాపాడిన గట్టే నేడు ప్రశాంతమైన బాటగా కూడ ఉపయోగపడుచున్నది.

మనకును గట్లు కలవు. నెల్లూరు జిల్లా పడమటి భాగమునందలి కొండాపురము ప్రాంతమును చూడుడు. పడమట వెలిగొండలు, తూర్పున సముద్రము. నడుమనున్న నేల మెల్లగా తూర్పునకు వాలుచుండును. ఇచట ఏడాది పొడవున పాఱు నది లేదు. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కుఱియు ఈశాన్య ఋతుపవనపు వానలే ముఖ్యాధారము. అందుచేత పూర్వులు వాననీటిని నిలుపుటకై కట్టలు పోసి చెఱువులు నిర్మించిరి. అనేకచోట్ల ఒక చెఱువు నిండి అలుగు పాఱినచో ఆ నీరు దిగువ చెఱువును చేరును. వీనినే గొలుసుకట్టు చెఱువులందురు. ఈ గొలుసు మోటారుకారులో పోవువానికి కనబడదు. అలుగు వెంట, తూము వెంట, ఆయకట్టు వెంట నెమ్మదిగా సైకిలుపై పోవు విద్యార్థి దానిని కన్నులార చూడగలడు.

ఇంకను చూడదగినవి ఎన్నియో కలవు. ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1514లో జయించి, అచటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తీసికొనిపోయెను. ఆ ఉదయగిరిలోనే కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కు పనివారు కలరు. కలిగిరి మండలమున దూబగుంట యను పల్లె కలదు. అక్షరములు నేర్చిన అచటి స్త్రీలు సారా వలన తమ కుటుంబములకు కలుగు నష్టమును గ్రహించి, 1992లో ఉద్యమము సాగించిరి. అది రాష్ట్రమంతటను వ్యాపించెను. ఆత్మకూరు వైపు పోయినచో పెన్నానది ఎదురగును. సంగము దాటిన పిదప నేల మఱింత చదునై, కాలువగట్లును వరిచేలును కనబడును.

అయితే ఈ ప్రయాణమునకు ప్రశాంతమైన బాట కావలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు 4 మీటర్లే కదలును. డ్రైవరు మిమ్ము చూచి బ్రేకు వేయుటకు ఒక సెకను ఆలస్యమైనను ఎంత ప్రమాదమో ఆలోచింపుడు. పెద్దబాటయు చిన్నబాటయు వేఱుగా నుండుట పిల్లల ప్రాణములకు రక్ష. ఆ చిన్నబాట మన ఊరి చెఱువుకట్టయే కావచ్చును. కాని కట్టమట్టిని తవ్వి తీసికొనిపోయినను, సర్కారుతుమ్మను పెరుగనిచ్చినను కట్ట చెడును. కట్ట తెగినచో నీరు పోవును, పైరు పోవును, బాటయు పోవును. ఒక్క కట్టను కాపాడినచో మూడును నిలుచును.

విద్యార్థులారా! సైకిలు ప్రయాణమునకు ముందు పెద్దల అనుమతి పొందుడు. ఎండకాలము విడిచి, నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు గల కాలమును ఎంచుకొనుడు. వాన కుఱియు దినములలో మాత్రము బయలుదేఱవలదు. బ్రేకులు, గంట, టైర్లలో గాలి పరీక్షింపుడు. త్రాగునీటిని, గాలిపంపును, పంక్చరు వేయు సామగ్రిని వెంట నుంచుకొనుడు. తుమ్మముల్లు ట్యూబునకు శత్రువు. ఒకరి వెనుక ఒకరు సాగుడు. ఇఱుకైన కట్టపై దిగి నడువుడు. అలుగు పాఱునపుడు నీటిని దాట సాహసింపకుడు. ఊళ్లలో పెద్దలను మర్యాదగా పలుకరించి చెఱువు పేరు, అది తెగిన సంవత్సరము, నిండిన సంవత్సరము అడిగి వ్రాసికొనుడు.

సైకిలు పేదవాని బండియని కొందఱు చిన్నచూపు చూతురు. అది తగదు. 1923లో బొంబాయినుండి ఆఱుగురు యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేఱిరి. వారిలో ముగ్గురు సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928లో స్వస్థలము చేరిరి. 1991 తరువాత తమిళనాటి పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు త్రొక్కుట నేర్చి, పరుల సాయము కోరక తమ పనులకు తామే పోసాగిరి. కావున బాలికలును సంకోచింపక నేర్వవలెను.

ఇటలీకి పోవుట అందఱికిని సాధ్యము కాదు. మీ ఊరి చెఱువు అలుగు పాఱినపుడు ఆ నీరు ఏ చెఱువున చేరునో తెలిసికొనుట మాత్రము ప్రతి విద్యార్థికిని సాధ్యమే. వానలు వెలసి బాటలు ఆఱిన పిదప, ఒక సెలవు దినమున ఆ నీటిదారి వెంట పోయి చూడుడు. మీ దేశాటనమునకు అదియే మొదటి మజిలీ యగును.