నాలుగేళ్ల పాపకు రోజూ వర్క్‌షీట్లా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. బడి నుంచి రోజూ వర్క్‌షీట్లు ఇస్తున్నారు. రెండో కాగితం తీసేసరికే ఏడుపు లంకించుకుంటోంది. బలవంతంగానైనా చేయించాలా?
– ఓ తల్లి

జవాబు: బలవంతం అసలు వద్దు. ఈ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు, వేళ్లకు పట్టు కుదరదు. చుక్కల మీద ‘అ’ దిద్దమంటే కొందరు పిల్లలు పెన్సిల్‌ను పిడికిట్లో బిగించి, భుజం కదుపుతూ రాస్తారు. అంత కష్టపడ్డాక ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? ముందు పాపతో పిండి ముద్దలు చేయించండి, బఠాణీలు ఒలిపించండి, పూసలు గుచ్చనివ్వండి. రాతకు కావలసిన బలం వేళ్లకు అక్కడే వస్తుంది.

అలాగని వర్క్‌షీట్లు దండగ కాదు. 2023లో కేంద్రం విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ బోధన సామగ్రిలో బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలతో పాటు అవీ ఉన్నాయి. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస ముఖ్యం. అయిదు నేర్పాలంటే ముందు అయిదు చింతపిక్కలు నేల మీద పరిచి, ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ లెక్కపెట్టించాలి. (నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పెద్దలు పక్కనే ఉండాలి.) కాగితం మీది అయిదు మామిడిపండ్లకు సున్నా చుట్టించడం ఆ తర్వాతే. చుట్టేటప్పుడు పాప ఏదో కథ చెబితే వినండి. గీత వంకరపోయిందని చెరిపేయకండి.

రోజుకు ఒక్క కాగితం, అదీ పాపకు ఇష్టమైనంతసేపే. ఈ సంగతి టీచరుతో నేరుగా మాట్లాడండి. చెంచా పట్టుకోవడానికీ, బొత్తాలు పెట్టుకోవడానికీ పాప బాగా ఇబ్బంది పడుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.